ఏనుగులను చూడాలి, కానీ వాటిని బాధపెట్టని చోట. ఎక్కడికి వెళ్ళాలి?

పాలమూరు_బాటసారి
వేసవి సెలవుల్లో పిల్లలను ఏనుగుల దగ్గరికి తీసుకెళ్దామని ఇంట్లో అనుకున్నాం. మహబూబ్‌నగర్‌లో ఒక ట్రావెల్ ఏజెంటును అడిగితే రంగుల కరపత్రం చేతిలో పెట్టాడు. పైన పెద్ద అక్షరాలతో ఏనుగుల సంరక్షణ కేంద్రం అని ఉంది. కింద చదివితే పొద్దున ఏనుగుకు స్నానం చేయించడం, పదకొండింటికి సవారీ, భోజనాల తరువాత అది ఫుట్‌బాల్ ఆడుతుంటే చూడటం, సాయంత్రం తొండంతో దండ వేయించుకుని ఫోటో. పిల్లలకు సగం ధర.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇన్ని పనులు చేసే ఏనుగు తినేది ఎప్పుడు, పడుకునేది ఎప్పుడు? అదే అడిగితే "అవి అలవాటు పడ్డవే సార్" అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. నిజంగా బాగా చూసుకుంటూ, సందర్శకులను కూడా రానిచ్చే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మాతో అమ్మ కూడా వస్తుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు.

జడ్చర్ల_జంక్షన్
ఆ కరపత్రం మా వీధిలోనూ పంచారు. నేను ఫుట్‌బాల్ దాకా చదివి పక్కన పెట్టేశాను.

సూర్యాపేట_చౌరస్తా
ఇంత ఆలోచించాల్సిన పని లేదు. దుబారే వెళ్ళండి. కర్ణాటకలో కుశాలనగర్ దగ్గర, కావేరి ఒడ్డున. అటవీ శాఖ నడిపే శిబిరం, ప్రైవేటు వాళ్ళది కాదు. మా పిల్లలు నీళ్ళలో దిగి ఏనుగును రుద్ది కడిగారు, ఇప్పటికీ ఆ ముచ్చటే చెప్పుకుంటారు. ఏనుగు హాయిగా పడుకుని ఉంది. మన ఊళ్ళలో చెరువులో గేదెలను కడగమా? అందులో హింస ఏముంది?

వనపర్తి_వాణి
చౌరస్తా గారు అన్నది నిజమే కదా, నీళ్ళంటే ఏనుగుకు ఇష్టమే. స్నానంలో తప్పేమిటో నాకూ అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

దేవరకొండ_పశువైద్యుడు
వాణి గారు అడిగారు కాబట్టి వివరంగా రాస్తాను. నా ఉద్యోగమంతా గేదెలు, మేకల మధ్యే. రాజేంద్రనగర్‌లో చదువుకునే రోజుల్లో జూలోని ఏనుగుల కాళ్ళకు వైద్యం చేయడం దగ్గరుండి చూశాను. ఆ తరువాత ఆసక్తి కొద్దీ చదువుతూ వచ్చాను.

ఏనుగుకు నీళ్ళు ఇష్టమే. కానీ దాన్ని దాని మానాన వదిలితే అది చేసే పని చూడండి. నీళ్ళలో మునుగుతుంది, బయటికి వస్తుంది, వెంటనే తొండంతో బురదో దుమ్మో తీసి ఒంటి మీద చల్లుకుంటుంది. ఆ పూత ఎండ నుంచీ ఈగల నుంచీ చర్మాన్ని కాపాడుతుంది. శిబిరంలో ఒక బృందం కడిగి వెళ్ళగానే ఇంకో బృందం వస్తుంది, పూత నిలిచే వ్యవధి ఉండదు. అంతసేపు పక్కకు ఒరిగి కదలకుండా పడుకుంటుందంటే హాయిగా ఉండి కాదు. మావటి చేతిలో ఏముందో దానికి తెలుసు. దానంతట అది లేచి వెళ్ళిపోతే ఎవరూ ఆపకుండా ఉంటారా? ఆ ఒక్కటి గమనించండి చాలు.

ఇంకొకటి. మనిషికి వచ్చే క్షయ ఏనుగుకు అంటుకుంటుంది, ఏనుగు నుంచి మనిషికీ వస్తుంది. మనుషుల మధ్య పెరిగిన ఏనుగుల్లో ఈ జబ్బు కొత్తది కాదు. రోజూ వందమంది తొండం ముట్టుకునే చోట ఎవరి నుంచి ఎవరికి అంటిందో చెప్పలేం. పిల్లల విషయంలో ఇది తేలిగ్గా తీసుకోవద్దు.

సూర్యాపేట_చౌరస్తా
డాక్టరు గారూ, జబ్బు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ దుబారే మావటులను మీరు చూసి ఉండరు. వాళ్ళు జేనుకురుబలు, తరాలుగా ఏనుగులతోనే బతుకుతున్నారు. ఏనుగుకు రాగి ముద్ద పెట్టిన తరువాతే వాళ్ళు తింటారు. సందర్శకులు రావడం మానేస్తే వాళ్ళ బతుకు ఏమవుతుంది?

దేవరకొండ_పశువైద్యుడు
మావటులను నేను ఒక్క మాట కూడా అనలేదు. ఏనుగు ఒంటి మీద ఏ గాయం ఎక్కడుందో వాళ్ళకు తెలిసినంత మాకు తెలియదు. సందర్శకులు రావచ్చు, టికెట్టు కొనవచ్చు, దూరంగా కూర్చుని చూడవచ్చు. అందులో మావటి జీతానికి అడ్డం వచ్చేది ఏమీ లేదు. నీళ్ళలో దిగి రుద్దితేనే డబ్బు ఇస్తామని పట్టుబట్టేది మనం, ఆ మావటి కాదు.

కోదాడ_అల్లుడు
నాకు ఈ చర్చలో ఒక విషయం కొరుకుడు పడటం లేదు. మా అత్తగారి ఊరు పలమనేరు దగ్గర. కౌండిన్య అభయారణ్యం అంచున వాళ్ళ పొలం. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు దిగుతూ ఉన్నాయి. ఒక్క రాత్రిలో మామిడి తోట, చెరుకు, డ్రిప్పు పైపులు, మోటారు అన్నీ పోతాయి. మనుషులూ పోయారు. టపాకాయలు కాల్చి, డప్పులు కొట్టి విసిగిపోయారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. అడవి ఏనుగులను తిప్పి పంపడానికి శిక్షణ పొందినవి. వాటిని పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో పెట్టారు. ఆ ఊళ్ళవాళ్ళకు అవి దేవుళ్ళతో సమానం.

ఇప్పుడు ఇదే లెక్కన గొలుసు కనబడినా క్రూరత్వమే అంటే ఆ కుంకీలు ఎలా తయారవుతాయి? రాత్రి గొలుసు లేకుండా వదిలితే ఊరి మీద పడదా?

నల్లమల_నడక
అల్లుడు గారి మాటలో బరువు ఉంది. 2024 ఏప్రిల్‌లో ఏం జరిగిందో మరిచిపోయామా? మహారాష్ట్ర వైపు నుంచి ఒంటరి మగ ఏనుగు ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చి, ఒక రోజు తేడాలో ఇద్దరు రైతులను చంపింది. తెలంగాణ అడవుల్లో ఏనుగుల్లేవు, మనవాళ్ళకు దానితో ఎలా మెలగాలో తెలియదు.

అయినా పని కోసం పెంచే కుంకీ వేరు, ఫుట్‌బాల్ ఆడించే ఏనుగు వేరు. కుంకీ ఉన్న శిబిరంలో గొలుసు ఎందుకు ఉందో ఒక కారణం చెప్పగలరు. ఫుట్‌బాల్‌కు ఏ కారణం చెబుతారు?

దేవరకొండ_పశువైద్యుడు
నడక గారు సరిగ్గా చెప్పారు. గొలుసు ఉందా లేదా అని మాత్రమే చూస్తే మోసపోతాం. ఎంత పొడుగు గొలుసు, ఎంతసేపు, కింద నేల ఏమిటి అన్నది చూడాలి. కొన్ని శిబిరాల్లో రాత్రి పొడుగు గొలుసుతో అడవిలోకి వదులుతారు. ఏనుగు మేస్తూ తిరుగుతుంది, పొద్దున గొలుసు ఈడ్చిన జాడ పట్టుకుని మావటి వెళ్ళి తీసుకొస్తాడు. మీటరున్నర గొలుసుతో సిమెంటు గచ్చు మీద రోజంతా నిలబెట్టడం దానితో పోల్చదగింది కాదు.

ఏనుగు అరికాలు గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల మెత్తటి కొవ్వు దిండు ఉంటుంది. మట్టి మీద నడవడానికి తయారైన కాలు. గచ్చు మీద, తన మూత్రంలోనే తాను నిలబడితే అరికాలు పగులుతుంది, గోళ్ళ మధ్య చీము పడుతుంది. నాలుగైదు టన్నుల బరువు ఆ పుండు మీదే. జూలో నేను చూసిన ఆడ ఏనుగుకు ముందు కాలి గోరు పక్కన నిమ్మకాయంత గుంట ఉండేది. వెచ్చని మందు నీళ్ళ తొట్టిలో కాలు పెట్టమని మావటి మెల్లగా తట్టేవాడు. అది కాలు పెట్టి, నొప్పికి తీసేసి, మళ్ళీ తనంతట తానే పెట్టేది. మనుషుల దగ్గర ఉండే ఏనుగుల చావులకు ముఖ్య కారణాల్లో కాళ్ళ జబ్బులు ఒకటి.

గద్వాల_జరీ
డాక్టరు గారూ, మా ఊరికి సర్కసు వచ్చినప్పుడు ఏనుగు తల అటూ ఇటూ ఊపుతూ ఉండేది. పాటకు నాట్యం చేస్తోందని అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. అది నిజంగా సంగీతానికేనా?

దేవరకొండ_పశువైద్యుడు
కాదమ్మా. పాట ఆగిన తరువాత కూడా ఊపుతుంది, రాత్రి ఎవరూ లేనప్పుడూ ఊపుతుంది. నడవాల్సిన జంతువును ఒకే చోట కట్టేస్తే మనసు చెదిరి వచ్చే అలవాటు అది. అడవిలో తిరిగే ఏనుగుల్లో ఇది కనిపించదు. ఎక్కడికి వెళ్ళినా మొదట ఐదు నిమిషాలు ఏనుగు తలను, ముందు కాళ్ళను చూడండి. కేంద్రం ఎలాంటిదో తెలిసిపోతుంది. రక్షించి తెచ్చిన ఏనుగు కూడా పాత అలవాటు కొద్దీ కొన్నాళ్ళు ఊపవచ్చు. కాబట్టి అక్కడివాళ్ళను అడగండి. మంచి చోటయితే ఆ ఏనుగు పేరు, కథ, అది వచ్చిన సంవత్సరం దాచకుండా చెబుతారు.

జడ్చర్ల_జంక్షన్
మా ఊళ్ళో వీధుల్లో తిప్పే ఏనుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం, తారు రోడ్డు. మెడలో గంట, నుదుట సుద్దతో నామం. దుకాణం ముందు ఆపితే అది ఒక కాలు ఎత్తి దించేది, వెంటనే ఇంకో కాలు ఎత్తేది. తారు కాలుతోంది మరి. పది రూపాయల నోటు ఇస్తే తొండంతో తీసుకుని వెనక్కి తిప్పి మావటికి అందించేది. చెవి వెనక అంకుశం గుచ్చిన చోట పసుపు మెత్తారు, పసుపు మీద ఈగలు. మా వీధివాళ్ళు అరటిపళ్ళు పెట్టి, పిల్లల తల మీద తొండం పెట్టించుకుని మురిసిపోయారు. నీళ్ళు పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. నేను బకెట్టు పెడితే గుక్క తిప్పుకోకుండా ఖాళీ చేసింది. ఇంకో బకెట్టు తెచ్చేలోపు మావటి తోలుకుపోయాడు.

భువనగిరి_కోట
ఏనుగుకు అరటిపండు పెట్టడం కూడా పాపమేనా ఇప్పుడు? మన ఇళ్ళలో గణపతిని కొలుస్తాం. గుడి ముందు ఏనుగు కనిపిస్తే నమస్కారం చేస్తాం. తిరుమలలో వాహన సేవ ముందు ఏనుగులు నడుస్తాయి. హైదరాబాద్‌లో మొహర్రం రోజు బీబీ కా అలం ఏనుగు మీదే ఊరేగుతుంది, బోనాలప్పుడు అక్కన్న మాదన్న గుడి ఘటం కూడా. ఇవన్నీ తప్పు అనడానికి మనమెవరం? విదేశీయులు వచ్చి నీతులు చెబితే మనం తలూపాలా?

వనపర్తి_వాణి
కోట గారూ, ఎవరూ భక్తిని తప్పు పట్టలేదు. జంక్షన్ గారు చెప్పింది కాలే రోడ్డు గురించి. మొసలి పట్టిన ఏనుగు మొర పెట్టుకుంటే విష్ణువు ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చాడని పిల్లలకు చెప్పేది మనమే. ఆ కథ చెప్పిన నోటితో గొలుసు మాట మాట్లాడకూడదా?

నకిరేకల్_సత్యం
కేరళలో త్రిసూర్ జిల్లా ఇరింజాడప్పిళ్ళి శ్రీకృష్ణ ఆలయంలో 2023లో యంత్రపు ఏనుగును పెట్టారు. చెవులు ఊపుతుంది, తొండం ఎత్తుతుంది, తిడంబు, అంటే దేవుడి ఉత్సవ మూర్తిని మోస్తుంది. భక్తులు ఒప్పుకున్నారు. కేరళలో ఉత్సవాల ఏనుగులు బెదిరి మనుషులను తొక్కిన సంఘటనలు తరచూ వస్తూనే ఉంటాయి. బాణసంచా, మేళం, జనం మధ్య గంటల తరబడి నిలబెడితే బెదరదా?

భువనగిరి_కోట
యంత్రపు ఏనుగుకు నేను దండం పెట్టలేను సత్యం గారూ. అది నా మనసు. అయితే ఇంకో వైపు కూడా చూడండి. 2025 జులైలో కొల్హాపూర్ జిల్లా నాందణి జైన మఠం ఏనుగు మహాదేవిని కోర్టు ఆదేశంతో జామ్‌నగర్‌లోని వంతారా అనే జంతు సంరక్షణ కేంద్రానికి తరలిస్తే ఊళ్ళకు ఊళ్ళు ఏడుస్తూ రోడ్డెక్కాయి. తరాలుగా చూసుకున్నవాళ్ళ ప్రేమ ఉత్తదా?

దేవరకొండ_పశువైద్యుడు
ప్రేమ ఉత్తది కాదు. కానీ ఆడ ఏనుగు తల్లి, అక్కచెల్లెళ్ళు, పిల్లల మధ్య మందలో బతికే ప్రాణి. ఎంత ప్రేమగా చూసినా మనుషులు ఇంకో ఏనుగు కాలేరు. పుట్టిన గున్నను మంద అంతా కలిసి పెంచుతుంది. అలాంటిదాన్ని దశాబ్దాలు ఒంటరిగా ఉంచితే ఎంత తిండి పెట్టినా ఆ లోటు తీరదు. సంరక్షణ కేంద్రంలో నేను మొదట అడిగేది ఇదే: ఈ ఏనుగుకు తోడు ఎవరు?

మిర్యాలగూడ_మిల్లు
మా మిల్లు యంత్రాల పని మీద థాయ్‌లాండ్ వెళ్ళే అవకాశం వస్తుంటుంది. అక్కడి సంగతి రాస్తాను. మనవాళ్ళు చాలామంది బ్యాంకాక్, పట్టాయా ప్యాకేజీలో ఏనుగు సవారీ కలిపి కొంటున్నారు.

థాయ్‌లాండ్ 1989లో అడవుల్లో కలప నరకడం నిషేధించింది. దుంగలు లాగే ఏనుగులు, మావటులు ఒక్కసారిగా పని లేకుండా పోయారు. తిండి ఎలా? నగరాల్లో అడుక్కోవడం, సవారీలు, బొమ్మలు గీయించడం మొదలయ్యాయి. గున్నను తల్లి నుంచి విడదీసి, కదలడానికి వీల్లేని కర్రల బోనులో ఇరికించి, నిద్ర లేకుండా, కొట్టి, మనిషి మాటకు లొంగదీసే పద్ధతి అక్కడ ఉంది. ఫాజాన్ అంటారు. సవారీ చేయించే ఏనుగు అక్కడికి ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. వెన్నెముక సంగతి డాక్టరు గారు చెప్పాలి.

చియాంగ్‌మాయ్ దగ్గర మేటెంగ్ లోయలో ఎలిఫెంట్ నేచర్ పార్కు ఉంది. లెక్ చాయిలర్ట్ అనే ఆమె స్థాపించారు. చూపు పోయిన ముసలి ఏనుగులు, బర్మా సరిహద్దులో మందుపాతర మీద కాలు పెట్టి పాదం చితికిన ఏనుగులు అక్కడ ఉన్నాయి. ఎత్తైన నడక వంతెన మీద నిలబడి చూస్తాం. కింద ఒక గుడ్డి ఏనుగు వెళుతుంటే ఇంకోటి దాని పక్కనే, ఒంటికి ఒళ్ళు ఆనించి, దారి చూపుతూ నడిచింది. మావటి వాటికి చాలా వెనక, గడ్డి పరక నములుతూ వస్తున్నాడు. చేతిలో ఏమీ లేదు. 2024 అక్టోబరులో అక్కడ వరద వచ్చినప్పుడు వందకు పైగా ఏనుగులను ఎత్తైన చోటికి తరలించారు, అయినా రెండు కొట్టుకుపోయి చనిపోయాయి.

ఆ లోయలోనే పక్కపక్కన ఇంకా ఎన్నో శిబిరాలు సంరక్షణ అని బోర్డు పెట్టుకున్నాయి. బోర్డుకు అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. సవారీ మానేశాం అంటారు, స్నానం మాత్రం రోజంతా నడుస్తుంది. 2025 జనవరిలో దక్షిణ థాయ్‌లాండ్‌లో అలాంటి ఒక చోట ఏనుగుకు స్నానం చేయిస్తున్న స్పెయిన్ విద్యార్థిని దాని దెబ్బకు చనిపోయింది.

సూర్యాపేట_చౌరస్తా
స్పెయిన్ అమ్మాయి సంగతి నాకు తెలియదు. పిల్లలను నీళ్ళలో దించే ముందు ఇది ఎవరూ చెప్పరు. ఇది చెప్పాల్సిన విషయం.

దేవరకొండ_పశువైద్యుడు
మిల్లు గారు అడిగిన వెన్నెముక సంగతి. ఏనుగు వీపు మధ్యలో ఎముకలు పైకి పొడుచుకుని ఉంటాయి. వాటి మీద చర్మం తప్ప కండ పెద్దగా లేదు. మావటి మెడ మీద కూర్చుంటాడు, అది వేరు. ఇనుప కుర్చీ కట్టి ఇద్దరిని ఎక్కించి జైపూర్ దగ్గర ఆమేర్ కోట ఎక్కిస్తారే, అది వీపు మోయాల్సిన బరువు కాదు. తాళ్ళు ఒరుసుకున్న చోట కుర్చీ తీస్తే పుండ్లు కనిపిస్తాయి. మన దేశంలో ఇలా ప్రదర్శించే, సవారీకి వాడే ఏనుగులను జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయాలి. ఏజెంటును ఆ నమోదు పత్రం అడిగి చూడండి, ముఖం ఎలా పెడతాడో.

నకిరేకల్_సత్యం
1972 వన్యప్రాణి చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలులో ఉంది. యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. వీధిలో తిప్పే ఏనుగు కనిపిస్తే అటవీ శాఖకు ఫోను చేసి పత్రం, మైక్రోచిప్ ఉన్నాయా చూడమనండి. డబ్బు ఇవ్వకండి, మావటితో గొడవ కూడా పడకండి. జనం గుమిగూడితే బెదిరేది ఏనుగే.

పాలమూరు_బాటసారి
ఇంత మంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. అందరికీ నమస్కారాలు. థాయ్‌లాండ్ మా స్తోమతకు మించింది. మన దేశంలో చెప్పండి. మా చిన్నవాడు ముట్టుకోవాలని గోల పెడుతున్నాడు, అదొక చిక్కు.

హాలియా_టీచర్
మా బడి పిల్లలకు వన్యప్రాణుల గురించి చెబుతుంటాను కాబట్టి ముట్టుకోవడం గురించి ఒక మాట. పిల్లవాడికి వద్దు అని మాత్రమే చెబితే వినడు. పని అప్పగించండి. తొండంతో అది గడ్డిని ఎలా పట్టుకుంటుందో చూసి గీయమనండి. వేర్లకు మట్టి ఉంటే గడ్డి కట్టను కాలికేసి కొట్టి దులిపి తింటుంది. మా పిల్లలకు ఒక వీడియోలో అది చూపిస్తే తరగతి మొత్తం నోరు తెరుచుకుని చూసింది, బెల్లు కొట్టినా లేవలేదు. ముందు కాలికి ఎన్ని గోళ్ళు, వెనక కాలికి ఎన్ని లెక్కపెట్టమనండి. ముట్టుకోవడం మరిచిపోతాడు.

నల్లమల_నడక
టీచరు గారి పిల్లలు అదృష్టవంతులు. మన్ననూరు వైపు ఎప్పుడైనా తీసుకురండి. ఏనుగులు లేవు గానీ ఎలుగుబంటి గోళ్ళ గీతలు ఉన్న చెట్లు చూపిస్తాను.

ఆలేరు_రాధ
మధుర చెప్పండి ఎవరైనా! నేనే చెబుతాను సరే. ఆగ్రా, మధుర మధ్య చుర్మురా అనే ఊళ్ళో వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ వాళ్ళ ఏనుగుల కేంద్రం ఉంది, 2010 నుంచి నడుస్తోంది. 2018లో పక్కనే మన దేశంలో మొట్టమొదటి ఏనుగుల ఆసుపత్రి కట్టారు. ఎక్స్‌రే, లేచి నిలబడలేని ఏనుగును ఎత్తే యంత్రం, కాళ్ళ నొప్పులకు నీళ్ళ కొలను, అన్నీ ఉన్నాయి. సర్కసుల నుంచి, పెళ్ళి ఊరేగింపుల నుంచి, భిక్షాటన నుంచి విడిపించి తెచ్చిన ఏనుగులు. రాజు అనే మగ ఏనుగును సుమారు 50 ఏళ్ళ సంకెళ్ళ తరువాత 2014 జులైలో అక్కడికి తెచ్చారు. కాళ్ళకు ముళ్ళున్న గొలుసులు వేసి రోడ్ల మీద తిప్పి డబ్బు అడుక్కున్న ఏనుగు అది. జంక్షన్ గారు చూసినదాని లాంటి బతుకే.

ముందుగా సమయం తీసుకోవాలి, ఊరికే గేటు దగ్గరికి వెళితే లాభం లేదు. సవారీ లేదు, ఆటలు లేవు. వాళ్ళ మనిషి ఒకరు వెంట ఉండి ఒక్కొక్క ఏనుగు కథ చెబుతారు. నేను వెళ్ళిన రోజు ఒక ముసలి ఏనుగు మా వైపు వీపు తిప్పి మట్టి గుట్ట మీద పడుకుంది. మేం ఎంతసేపు నిలబడినా లేవలేదు. ఎవరూ లేపలేదు కూడా! ఆ చోటు నాకు ఎందుకు నచ్చిందో అదొక్కటి చెబితే చాలు.

వనపర్తి_వాణి
రాధ గారూ, వీధుల్లో ఆడించే ఎలుగుబంట్లను విడిపించి ఉంచే కేంద్రం ఒకటి ఉందని విన్నాను. అది కూడా అక్కడేనా?

ఆలేరు_రాధ
అవును, ఆగ్రా దగ్గర కీఠంలో. అదే సంస్థది. మన చిన్నప్పుడు ముక్కుకు తాడు వేసి వీధుల్లో ఆడించేవాళ్ళే, ఆ ఎలుగుబంట్లే. ఆడించే కలందర్ కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించి మరీ ఆ పని మాన్పించారు. ఇందాక చౌరస్తా గారు మావటుల జీవనం గురించి అడిగారు కదా, దానికి ఒక దారి అక్కడ కనిపిస్తుంది.

సూర్యాపేట_చౌరస్తా
ఇది బాగుంది. మావటి బతుకును పక్కన పెట్టి ఏనుగు గురించి మాట్లాడే ఏ మాటా నాకు నచ్చదు. ఇది రెండింటినీ చూసింది.

గద్వాల_జరీ
మే నెలలో ఆగ్రా వెళితే పిల్లలకు వడదెబ్బ తగులుతుంది. ముందే చెబుతున్నాను.

ఆలేరు_రాధ
నిజమే, వేసవిలో వద్దు. దసరా తరువాత నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. నడక కూడా కొంత ఉంటుంది, బాటసారి గారి అమ్మగారికి కష్టం కావచ్చు.

నకిరేకల్_సత్యం
నల్గొండ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ తిరువనంతపురం వెళుతుంది. అక్కడికి దగ్గర్లో నెయ్యార్ జలాశయం పక్కన కొట్టూరులో కేరళ అటవీ శాఖ ఏనుగుల పునరావాస కేంద్రం ఉంది. తల్లి పోయిన గున్నలను తెచ్చి పెంచుతారు. డాక్టరు గారు చెప్పినట్టు కాళ్ళూ గొలుసూ నేలా గమనించి మీరే తూకం వేయండి.

చింతపల్లి_చందు
శ్రీలంక చెప్పనివ్వండి. చాలామంది పిన్నవల ఏనుగుల అనాథాశ్రమానికి వెళతారు. నేను చెప్పేది ఉదవలవ దగ్గరి గున్నల కేంద్రం, 1995 నుంచి ఉంది. తల్లులను పోగొట్టుకున్న గున్నలకు పాలు పట్టే సమయంలో సందర్శకులు దూరంగా గట్టు మీద కూర్చుని చూడాలి. దగ్గరికి రానివ్వరు, మచ్చిక చేయనివ్వరు. ఎందుకంటే పెద్దయ్యాక వాటిని తిరిగి అడవిలో వదిలేస్తారు. మనిషి వాసనకు అలవాటు పడితే అడవిలో బతకదు.

కోదాడ_అల్లుడు
ఇది విన్నాక నా మనసుకు కాస్త ఊరటగా ఉంది. గున్నను అడవికి తిరిగి పంపగలిగితే రేపు మా అత్తగారి పొలం మీదికి వచ్చేది కూడా తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి అడవి మిగలాలి, దారులు మిగలాలి. రోడ్లు, రైలు పట్టాలు, తోటలు వేసి వాటి దారులు మనమే కోసేశాం.

నల్లమల_నడక
బాటసారి గారూ, వేసవికే వెళ్ళాలంటే కట్టేసిన ఏనుగులను వదిలేసి అడవి ఏనుగులను చూడండి. కబిని! మైసూరు నుంచి రెండు గంటల దారి, నాగరహొళె అడవి పక్కన. మార్చి నుంచి మే దాకా అడవిలో గుంటలు ఎండిపోయి మందలన్నీ జలాశయం ఒడ్డున కొత్తగా మొలిచిన గడ్డికి దిగుతాయి. పడవలో కూర్చుని చూస్తారు. పెద్ద ఆడ ఏనుగు ముందు, గున్నలు కాళ్ళ మధ్య, కుర్ర మగవి కాస్త ఎడంగా. ఎవరూ వాటిని అక్కడికి పిలవలేదు, ఎవరూ ఆపరు. మీ అమ్మగారు పడవలో కూర్చుంటే చాలు, మోకాళ్ళకు పని లేదు.

పాలమూరు_బాటసారి
ఇది మాకు సరిగ్గా సరిపోతుంది! మహబూబ్‌నగర్ నుంచి రైలు ఉందా?

జడ్చర్ల_జంక్షన్
కాచిగూడ నుంచి మైసూరు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ మన మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది. రాత్రి ఎక్కితే మరునాడు మైసూరు. సెలవుల్లో బెర్తులు దొరకవు, ఇప్పుడే చూసుకోండి.

నల్లమల_నడక
ఒక్క జాగ్రత్త. 2025 నవంబరులో పులి దాడుల వల్ల నాగరహొళె, బందీపూర్‌లలో సఫారీలు ఆపేశారు. కాబట్టి టికెట్టు కొనకముందే కర్ణాటక అటవీ శాఖకో, జంగిల్ లాడ్జెస్ అనే కర్ణాటక ప్రభుత్వ పర్యాటక సంస్థ వాళ్ళకో ఫోను చేసి పడవలు నడుస్తున్నాయా కనుక్కోండి. మధ్యవర్తి మాట మీద డబ్బు కట్టకండి. పడవలో పిల్లలు అరవకూడదు, మెరిసే రంగు బట్టలు వద్దు. పడవవాడిని ఇంకా దగ్గరికి పోనివ్వమని ఎవరు అడిగినా మీరు వద్దనండి. గున్నలున్న మంద తల ఎత్తి చెవులు విప్పి నిలబడిందంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చామని అర్థం.

భువనగిరి_కోట
రాధ గారూ, దసరా తరువాత మధురకు మేమూ రావచ్చా? మా అమ్మాయి ఇదంతా చదివి పట్టు పట్టింది. కృష్ణుడి ఊరు ఎలాగూ చూడాలి.

ఆలేరు_రాధ
తప్పకుండా రండి కోట గారూ. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఆగ్రా దిగుదాం, అక్కడి నుంచి రెండు కుటుంబాలకు కలిపి ఒక బండి మాట్లాడుకుందాం. కేంద్రానికి ఎందరం వస్తున్నామో ముందే చెప్పాలి కాబట్టి మీ సంఖ్య పండగకు నెల ముందు ఇక్కడే రాయండి.